గోడ మీది బార

గుమ్మంలో నిలబడిన మనిషిని నేను గుర్తుపట్టలేదు, అతని చేతిలోని సంచీని గుర్తుపట్టాను. సంచీని కూడా కాదు, దానిలోంచి వచ్చిన వాసనని. ఉప్పూ పాత తాడూ కొంచెం తుప్పూ కలిసిన ఆ వాసన గుంటూరులో దొరకదు. ఇక్కడ గాలి మిరప యార్డు వైపు నుంచి మళ్లితే మూడో అంతస్తులో ఉన్న మేము కూడా వరసగా తుమ్ముతాం. నేను తుమ్మకుండా అలా పీలుస్తూ నిలబడిపోతే, ఎవరొచ్చారో లోపలికి రమ్మనమని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. అప్పటికి వచ్చిన మనిషే నవ్వి, "సున్నం మాస్టారు ఇల్లు ఇదేనా అండీ?" అన్నాడు. ఆ పేరుతో నన్ను పిలిచే ఊరు ఈ భూమి మీద ఒక్కటే ఉంది. ఆ ఊళ్లో నేనుండగా పాతికేళ్లయినా నిండని వెంకటేసు, తెల్ల మీసాలతో మా సోఫా అంచున తడిసిపోతుందేమోనన్నట్టు కూర్చున్నాడు. భార్యకి కంటి ఆపరేషను చేయించడానికి గుంటూరు వచ్చాడట. ఆమె దగ్గర కూతుర్ని ఉంచి, నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్లమ్మ తిరుపతమ్మగారు శ్రావణమాసంలో పోయిందని చెప్పి, సంచీ నా కాళ్ల దగ్గర పెట్టాడు. ఇది మాస్టారికివ్వమని ఆమె రెండు మూడుసార్లు చెప్పిందట.

సంచీలో చెక్క చట్రానికి చుట్టిన తాడు ఉంది. తాడు పొడవునా ముడులు. చివర సీసం గుండు, దాని పైన వేలంత గాలాలు అయిదు, ఒక్కొక్కదానికి వెలిసిపోయిన ఎర్రగుడ్డ చుట్టి ఉంది. ఒక్కో గాలం అడుగున సన్నటి ఉక్కుముళ్లు పైకి తిరిగి కిరీటంలా ఉన్నాయి. మా ఆవిడ కాఫీలు తెచ్చి, దూరం నుంచే చూసి, ఇది కరుస్తుందా అని అడిగింది. కరవదు, కానీ నన్ను నలభై ఏళ్ల పైనే పట్టుకుని వదల్లేదు అన్నాను. నా మాటల్లో సగం ఆవిడ వినదు, మిగతా సగం నమ్మదు. ఈసారి మాత్రం వెంకటేసు మొహం చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

నా మొదటి ఉద్యోగం ఒంగోలుకి తూర్పున, రోడ్డు మెల్లగా ఇసకలో కలిసిపోయే చోట ఉన్న ఒక పల్లెపాలెంలో. నేను పుట్టింది గుంటూరు మెట్టలో, పత్తికీ మిరపకీ మధ్య. మా నాన్న వారమంతా మిరపచేలో కూలీకి వెళ్లి, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. కారం తెలుసు, ఉప్పు తెలుసు, ఉప్పునీళ్లు మాత్రం తెలియవు. సముద్రాన్ని నేను చూడ్డం అదే మొదటిసారి. అది నన్ను చూసి ఏమనుకుందో గానీ, మొదటి వారమే నా చెప్పులు తీసుకుపోయింది. అయిదో తరగతి వరకూ ఉన్న బడికి నేనే హెడ్మాస్టర్ని, నేనే లెక్కల మాస్టర్ని, వర్షం వస్తే బొక్కెన పట్టుకునేదీ నేనే. తిరుపతమ్మగారు తన ఇంటి ముందుగది నాకు అద్దెకిచ్చింది. ఆమె భర్త పోలయ్య అంతకు రెండేళ్ల ముందు పోయాడు, సముద్రంలో కాదు, ఇంట్లోనే, కామెర్లతో. అద్దె కంటే ముందు ఆమె నన్ను అడిగింది, మీ ఊరి మిరపకాయలు తెస్తారా అని. నేను తెచ్చిన బస్తా నా మంచం కిందే ఉండేది. ఆ ఇంట్లో రోజూ చేపల పులుసు మా అమ్మ కోసిన మిరపకాయలతో కాగేది. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా నేను కూర రెండోసారి వడ్డించుకునేవాణ్ణి. అందుకే ఆ ఏడాది నేను చిక్కిపోవాల్సింది లావయ్యాను.

బడి వదిలాక నేను వసారాలో కూర్చుని ఆమె గాలాలు కట్టడం చూసేవాణ్ణి. తల చుట్టూ పది చేతులుండే మెత్తటి సముద్రజీవిని ఎగుమతి లారీలవాళ్లు స్క్విడ్ అనడంతో పాలెంలోనూ ఆ పేరే నిలిచింది, ఇవి స్క్విడ్ గాలాలు. పాత వలల నుంచి తీసిన సీసం గుళ్లని ఇనప గరిటెలో కరిగించి, తడి ఇసకలో వేలు గుచ్చి చేసిన గుంటలో పోసేది. చుయ్‌మని ఆవిరి లేచేది. చల్లారిన సీసానికి ఎర్రచీర పీలిక బిగించి చుట్టి, మైనం రాసిన దారంతో కట్టి, అడుగున ముళ్లు రెండు వరసలుగా అమర్చేది. మామూలు గాలానికి చేప జారిపోకుండా వెనక్కి తిరిగిన చిన్న పన్ను ఉంటుంది. వీటికి అది లేదు. ఎందుకు లేదని అడిగాను. స్క్విడ్ చేపలాగా కొరికి మింగదండీ, ఎర్రగా కదిలేదేదైనా కనబడితే చేతులు చాపి కౌగిలించుకుంటుంది, ఆ కౌగిలికి ఈ ముళ్లు చాలు అంది. అయితే తాడు పైకి లాగడం మొదలుపెట్టాక ఒక్క క్షణం వదులిచ్చినా అది చేతులు తీసేసి వెళ్లిపోతుందట. నేను ఒకదాన్ని కోయించి లోపల చూశాను. గాజులాంటి పల్చటి కలం పాళీ ఒకటి, సిరాబుడ్డి ఒకటి. కలమూ సిరా కడుపులో పెట్టుకుని పుట్టి కూడా ఒక్క ముక్క రాయదు. నాకు ఆ రెండూ బయట ఉన్నాయి, మిగతా విషయాల్లో మేమిద్దరం ఒకటే.

ఒడ్డు దగ్గర చిన్నవే దొరుకుతాయి. పెద్దవి పగటిపూట లోతునీళ్లలో అడుగుకి ఆనుకుని ఉంటాయి. గాలాలు అడుగుకి తగిలీ తగలకుండా ఆడాలి. తగిలితే రాళ్లలో చిక్కుకుని అన్నీ పోతాయి, మరీ పైన ఉంటే అవి చూసి ఊరుకుంటాయి. కాబట్టి లోతు చేతికి తెలియాలి. అందుకే తాడుకి బారకొక ముడి. రెండు చేతులూ చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలికి ఒక బార. తాడు దించుతూ వేళ్ల మధ్య ముడులు లెక్కపెడతారు. లెక్క "ఒకటి" అని మొదలవదు, "లాభం" అని మొదలవుతుంది. లాభం, రెండు, మూడు. మా ఇంటి ముందు కుంచాలతో ధాన్యం కొలిచినప్పుడు మా అమ్మ కూడా అలాగే అనేది. సముద్రం ఒడ్డున ఆ మాట విన్న రోజు నాకు ఊళ్లోకి చుట్టం వచ్చినట్టనిపించింది.

డిసెంబరు వచ్చింది. ఏ ఇంట్లో పండగ ఎలా మొదలవుతుందో గానీ మా ఇంట్లో క్రిస్మసు సున్నంతో మొదలయ్యేది. పిడుగురాళ్ల బట్టీ సున్నం రాళ్లు తెచ్చి, అమ్మ వాటిని కుండలో వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికేవి. ఆ వేడి, ఆ వాసన మాకు కేకుల వాసన కంటే ముందు వచ్చే పండగ వాసన. నీలిమందు చిటికెడు కలిపి గోడలకి కొట్టాక, ఎండే దాకా ఎవరూ గోడకి ఆనుకోకూడదు. ఆ ఏడాది పండగ ముందురోజు దాకా సెలవు దొరకలేదు నాకు. ఒక ఆదివారం తిరుపతమ్మగారు, వెంకటేసు ఎవరి పెళ్లికో వెళ్లారు. నేను సున్నం తెచ్చి కుండలో ఉడికించి, ఆ వాసన పీల్చుకుని, నా గదికి రెండు పూతలు కొట్టాను. సున్నం మిగిలింది. అద్దెకున్నవాడు చేయగలిగిన మంచిపని కదా అని వసారా గోడకీ కొట్టాను. ఆ గోడ మీద ఛాతీ ఎత్తున అటొకటి ఇటొకటి ఎర్రటి మరకలున్నాయి. ఎవరో ఆకువక్క ఉమ్మిన మరకలనుకుని, ముందు వాటిని కొబ్బరిపీచుతో బాగా రుద్ది కడిగాను. పనిమంతుణ్ణి కదా.

సాయంత్రం వాళ్లొచ్చారు. వెంకటేసు గోడ చూసి చేతిలో ఉన్న పెళ్లి మిఠాయిల పొట్లం కింద పెట్టాడు. నేను మెచ్చుకోళ్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. ఇల్లు కట్టిన కొత్తలో పోలయ్య ఆ గోడకి వీపు ఆనించి రెండు చేతులూ చాపితే, అతని కొసవేళ్ల దగ్గర తిరుపతమ్మగారు జాజుతో పెట్టిన గుర్తులవి. ఏటా కొత్త తాడు కట్టేటప్పుడు ఆ రెండు గుర్తుల మధ్య పట్టి ముడులు వేస్తుంది. రోజూ సాయంత్రం ఆమె గోడకి ఎదురుగా నిలబడి చేతులు చాపడం నేను చాలాసార్లు చూశాను. గాలాలు కట్టీ కట్టీ నడుం పట్టేసి ఒళ్లు విరుచుకుంటోందనుకునేవాణ్ణి.

"నాన్న చెప్పిన లోతులన్నీ ఆ బార లెక్కే మాస్టారూ," అన్నాడు వెంకటేసు. అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. పడవలోంచి చూస్తే ఒడ్డు మీది దీపస్తంభం వెనకున్న కొండ కొసకి వరసగా వచ్చిన చోట ముప్పై రెండు, ఇంకోచోట ఇరవై ఏడు, రాళ్లగుట్ట అంచున పద్నాలుగు. పోలయ్య ఇరవై ఏళ్లు తిరిగి నేర్చుకున్న సముద్రమంతా అలాంటి పది పన్నెండు అంకెలు. ఆ ఏడాదే వెంకటేసు మొదటిసారి సొంతంగా లోతుకి వెళ్లబోతున్నాడు. కొలత లేకపోతే ఆ అంకెలు ఉత్త కూతలు. అంటే నేను సున్నం కొట్టి ఒక మనిషి జీవితానికి సున్నా చుట్టాను. అది కూడా లెక్కల మాస్టర్నై ఉండి. పాత తాడు కొలుద్దాం అన్నాను ఆశగా. ఏడాది తడిసి, ఎండి, బరువు లాగిన తాడు సాగిపోయి ఉంటుందని, అందుకే గోడని నమ్ముకున్నామని చెప్పాడు. నా సూట్‌కేసు సర్దుకుందామా అనిపించింది. సూట్‌కేసు కూడా వాళ్ల మంచం కిందే ఉంది, మిరపకాయల పక్కన.

తిరుపతమ్మగారు తడి ఆరని గోడ దగ్గరికి వెళ్లి, మొహం గోడకి దగ్గరగా పెట్టి, చేతులు చాపింది. కొత్త సున్నం ఆమె చెంపకి అంటింది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. అప్పుడు తెలిసింది నాకు, రోజూ సాయంత్రం నేను చూసింది ఒళ్లు విరుచుకోవడం కాదని. తర్వాత ఆమె తన రెండు చేతుల కొసవేళ్ల దగ్గరా నన్ను బొగ్గుతో గీతలు పెట్టమంది. నేను పెట్టినవి గీతల్లా కాక వానపాముల్లా వచ్చాయి.

"ఆయనకి నా చేతులు చాలేవి కాదు మాస్టారూ. జానెడు మీద రెండు వేళ్లు తక్కువ. ఎప్పుడూ అంతే తక్కువ," అంది. ఆ తక్కువని ఆమె మర్చిపోలేదు. ఎడమ గీత మీద జాజు పెట్టి, కుడి గీత దగ్గర నుంచి జానెడు కొలిచి, రెండు వేళ్లు కలిపి, అక్కడా కొత్తగా జాజు పెట్టింది. ఆ రాత్రి అన్నంలో నాకు రెండోసారి కూర తనే వడ్డించింది. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను.

వారం తిరక్కుండా వెంకటేసు లోతుకి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను గానీ, ఆ తాడు అడుగున ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న కుతూహలం సగానికి పైగా ఉందని దేవుడికి తెలుసు. తెల్లవారుతూనే ఇంకో ఇద్దరు కుర్రాళ్లతో కలిసి తెరచాప ఎత్తాం. గంట తిరక్కుండా నేను తిన్నదంతా సముద్రానికి అప్పజెప్పి, పడవ అడుగున చాపలా పరుచుకున్నాను. దీపస్తంభం కొండ కొసకి రాగానే వెంకటేసు నన్ను లేపి కూర్చోబెట్టాడు. గుండు నీళ్లలో వేసి తాడు నా వేళ్ల మధ్య నుంచి వదులుతూ, లెక్క నన్ను చెప్పమన్నాడు. లాభం, రెండు, మూడు. పోలయ్య చెప్పిన లోతు నిజమైతే, వాళ్లమ్మ పెట్టిన గుర్తు నిజమైతే, ముప్పై రెండో ముడి దగ్గర గుండు నేలకి తగలాలి. ముప్పై రెండు అన్నాను. తాడు దిగుతూనే ఉంది. ముప్పై మూడు. ముప్పై నాలుగు దగ్గర తాడు మెత్తబడింది.

మేమిద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. ముడులు దగ్గర దగ్గరగా పడ్డాయి, అంటే ఆమె జ్ఞాపకం తక్కువ పడింది. కొద్దిగానే, కానీ పడింది. ఇక ఆ మనిషి బార ఎక్కడా లేదు, ఏ గోడ మీదా లేదు, ఆమెలో కూడా లేదు. దాన్ని చెరిపిన చెయ్యే ఇప్పుడు తాడు పట్టుకుని ఉంది.

"ముప్పై రెండే," అన్నాడు వెంకటేసు. "ఇంటికెళ్లాక అదే చెప్పాలి. విన్నారా?"

ఒక బార పైకి లాగి, తాడుని చిన్నగా ఎగరేస్తూ దించుతూ ఆడించాడు. కాసేపటికి తాడు బరువెక్కింది. కుదుపు లేదు, ఎవరో కిందనుంచి మెత్తగా చెయ్యి పట్టుకున్నట్టు. వదులివ్వకుండా లాగండి అని తాడు నాకిచ్చాడు. నా ప్రాణం పోయినా వదులివ్వనన్నట్టు లాగాను. పైకి వచ్చిన స్క్విడ్ నన్ను ఒక్కసారి పెద్ద కన్నుతో చూసి, నా తెల్లచొక్కా నిండా సిరా కక్కింది. మాస్టారి చొక్కా మీద ఇంకు పడ్డం న్యాయమే అని పడవలో వాళ్లంతా నవ్వారు. సాయంత్రానికి పడవలో పెద్దవి చాలా పడ్డాయి. ఒడ్డున తిరుపతమ్మగారు ఎదురొచ్చి, వాటివైపు చూడకుండా, కొడుకు వైపు కూడా చూడకుండా, నన్ను అడిగింది ఎన్ని బారలకి తగిలిందని. ముప్పై రెండు అన్నాను. ఆమె తలూపి చాలాసేపు సముద్రం వైపు చూసింది. వేసవి తర్వాత నాకు పొదిలి బదిలీ అయింది. సముద్రం నుంచి ఎంత దూరం వీలైతే అంత దూరం. ఆ అబద్ధం మాత్రం నా సామాను వెంట ప్రతి ఊరూ వచ్చింది.

ఇదంతా మా ఆవిడకి చెబుతున్నప్పుడు వెంకటేసు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్నాడు. చివరికి, అమ్మకి ఆ రోజే తెలిసిపోయింది మాస్టారూ అన్నాడు. "పాపం, ముప్పై రెండో ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడురా, అంది నాతో. మర్నాడు నేను ఒప్పేసుకున్నా." ఎన్ని అని అడిగిందట. ముప్పై నాలుగు అన్నాడట. ఆమె తిట్టలేదు. తాడు మొత్తం ఇసకలో చాపమంది. గుండు నుంచి ముప్పై నాలుగో ముడి దాకా పట్టుకుని, ఆ కొస తెచ్చి ఈ కొసకి కలపమంది. మడత. మళ్లీ కలపమంది. మళ్లీ మడత. అలా అయిదుసార్లు మడత పెట్టించి, చేతిలో మిగిలిన పొడవుని గోడ దగ్గరికి తీసుకెళ్లి చూసుకుందట.

నేను కాఫీ కింద పెట్టాను. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. నీళ్ల లోతు మారదు. ఆ లోతుకి పోలయ్య చెప్పిన అంకె ముప్పై రెండు. లోతంత తాడుని ముప్పై రెండు సమభాగాలు చేస్తే వచ్చేది పోలయ్య బార కాక మరేమిటి? తాడు వాలుతుంది, పోటుకి నీరు పెరుగుతుంది, వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, అది వేరే సంగతి. ముప్పై అయిదేళ్లు పిల్లలకి భాగహారం చెప్పాను నేను. ఆ పడవలో సిరా చొక్కాతో కూర్చున్న రోజున గానీ, తర్వాత నిద్రపట్టని ఏ వేళ గానీ, ఈ ఆలోచన నాకు తట్టలేదు. అక్షరం రాని ఆవిడకి ఒక్క పూట పట్టింది. ఇప్పుడు వెంకటేసుది ఫైబరు పడవ. దానిలో చిన్న తెర ఉందట, లోతు మీటర్లలో దానంతటదే చెబుతుంది, రాళ్లెక్కడున్నాయో కూడా బొమ్మ వేస్తుంది. మంచిదే, ఎవరి బారా అక్కర్లేదు. మా ఇంట్లోనూ అంతే. ఈ గోడలకి ప్లాస్టిక్ పెయింటు, మరక పడితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు, సున్నం గొడవ లేదు, క్రిస్మసుకి గోడ తడి ఆరే దాకా ఆగక్కర్లేదు. దేన్ని తుడిచేస్తున్నామో అడిగేవాళ్లు కూడా లేరు.

అయితే ఈ తాడు ముడులన్నీ పోలయ్య బార లెక్కనేనా అని అడిగాను. కాదన్నాడు. బార దొరికాక అమ్మ కాసేపు దాన్ని చేతిలో పట్టుకు కూర్చుందట. తర్వాత కొడుకుని గోడకి నిలబెట్టి, చేతులు చాపించి, ఆ కొలతతో కొత్త తాడు కట్టింది. లోతులన్నీ నీ చేతులతో మళ్లీ కొలుచుకో, ఎన్నాళ్లని ఆయన అంకెలతో దిగుతావు అందట. కొలుచుకున్నాడు. రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత ఏటా ఆమె కట్టిన తాళ్లలో ఆఖరిది ఇది.

నా అనుమానం ఊరుకోదు కదా. మా ఆవిడ కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తెప్పించి, కొస పట్టుకోమని, ముడికీ ముడికీ మధ్య కొలవడం మొదలుపెట్టాను. అన్నీ ఒకే కొలత, దారం మందం తేడా లేదు. గుండు దగ్గర మొదటిది మాత్రం మూడు వేళ్లు ఎక్కువ వచ్చింది. పొరపాటేమోనని మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. తలెత్తి వెంకటేసుని చూశాను.

అతను సోఫా మీంచి దిగి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పొడవైన ముక్కని నా చేతుల్లో పెట్టి చాపమన్నాడు. నా చేతులు ఈ కొస నుంచి ఆ కొసకి చాలలేదు. పడవలో గుండు వదలగానే ముందు నీళ్లలోకి పోయేది నాన్న బారేనని, అందరికంటే ముందు అడుక్కి చేరేదీ ఇదేనని చెప్పాడు. తర్వాత ఆ ముడిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, అలవాటు కొద్దీ, "లాభం" అన్నాడు. తర్వాతి ముడి నా చేతిలో ఉంది. రెండు అనాల్సింది నేను. దాని మీద బొటనవేలు ఆనించి, రెండు అన్నాను.